బొంబాయి రేవునందలి పానశాలలు, పూటకూళ్ళు

బొంబాయి చరిత్ర వ్రాసినవారిలో పెక్కురు కోటతో ప్రారంభించి, ప్రత్తి వ్యాపారము మీదుగా మిల్లుల పొగగొట్టములను చేరుదురు. ఓడ దిగిన నావికుడు ఎచ్చట త్రాగెను, గోడ కట్టిన కూలివాడు ఎచ్చట భుజించెను అను ప్రశ్నలు వారికి అల్పముగా తోచినట్లున్నవి. మాకు అవి అల్పములు గావు. ఏలయన, ఈ నగరమున మన తెలుగువారు రెండువందల ఏండ్లకు మించి కాపురమున్నను, పెద్ద భవనముల శిలాఫలకములపై వారి పేరులు మిక్కిలి అరుదు. కల్లు దుకాణముల యొద్దను, పూటకూళ్ళ యొద్దను వెదకినచో వారి అడుగుజాడలు కొంత కనబడును.

1661వ సంవత్సరపు వివాహసంధి వలన బొంబాయి పోర్చుగీసుల చేతినుండి ఇంగ్లండు రాజైన రెండవ చార్లెసుకు దక్కెను. ఆయన 1668లో దానిని ఏటికి పది పౌనుల కౌలుపై ఈస్టిండియా కంపెనీకి ఒప్పగించెను. అప్పటికి ఆ దీవులయందు చెప్పుకొనదగిన సంపద యనగా చేపలు, ఉప్పు, కొబ్బరితోటలు. మాహిము చుట్టును దట్టముగా వ్యాపించిన కొబ్బరిచెట్లను గీయువారు భండారీలు. మన గౌడులు, ఈడిగలు మోకు ముస్తాదులతో తాటిచెట్టు నెక్కునట్లే వారును గీతకత్తి నడుమున దోపి కొబ్బరిచెట్టు నెక్కుచుండిరి. కొబ్బరికల్లును వారు మాడీ యనిరి, తాటికల్లు వారికి తాడీ, ఈతకల్లు శిందీ. తెలంగాణమునుండి పోయిన మనవారికి తాటికల్లును ఈతకల్లును చిరపరిచితములు. కొబ్బరికల్లు మాత్రము క్రొత్త రుచి. అలవాటు పడుటకు వారికి ఎంతో కాలము పట్టియుండదని మా ఊహ.

కల్లును కాచి దించిన సారాయి పడమటి తీరమంతటను ఓడలకు సరఫరా అగుచుండెను. అందుండి పుట్టినదే ఇంగ్లీషువారి 'పంచ్' అను పానీయము. సారాయి, పంచదార, నిమ్మరసము, సుగంధద్రవ్యము, నీరు అను ఐదింటి కలయిక కావున మన 'పంచ' శబ్దమే దానికి పేరైనదని సాధారణముగా చెప్పుదురు. కొందరు పండితులు ఇందుకు సమ్మతింపరు. ఆ వివాదమెట్లున్నను, ఇంగ్లీషు వ్రాతలలో ఈ పానీయపు ప్రస్తావన మొట్టమొదట కనబడునది 1632 నాటి యొక జాబులో. అది కంపెనీ సైనికుడొకడు తన మిత్రుడైన వర్తకునికి వ్రాసినది. ఆ వర్తకుడు ఉండిన తావు పెట్టపోలి, అనగా మన నిజాంపట్నము! లండను నగరపు ప్రభువులు వెండిగిన్నెలలో కలుపుకొని త్రాగి గర్వించిన పానీయము అక్షరములలోనికి ఎక్కునప్పటికి తెలుగుతీరపు ఉప్పుగాలి దానిపై వీచుచుండెనన్నమాట. ఈ సంగతిని మన పాఠకులు తమ పిల్లలకు చెప్పుకొనవచ్చును, పానీయమును మాత్రము చెప్పనక్కరలేదు.

పంచ్ దుకాణములు రేవుపట్టణములన్నిటను వెలసెను. బొంబాయి కోటలోను అంతే. వచ్చిన ఇంగ్లీషువారు రెండు వానకాలములు గడవకమునుపే మరణించుచున్నారన్న అపకీర్తి 17వ శతాబ్దాంతమునకే ఆ దీవికి కలిగెను. చిత్తడినేలల జ్వరము అందుకు ప్రధానకారణము. పచ్చిసారాయి రెండవది. కంపెనీ అధికారులు త్రాగుడును నిందించుచునే దానిపై సుంకము వసూలు చేయుచుండిరి. ఈ ద్వంద్వనీతి తరువాతి ప్రభుత్వములన్నిటికిని వారసత్వముగా సంక్రమించినది.

ఇక మనవారి రాక. హారన్‌బీ గవర్నరుగా నున్నకాలమున, 18వ శతాబ్దపు చివరిపాదమున, సముద్రపు పోటును అడ్డగించు పెద్ద కట్ట యొకటి వర్లీకడ నిర్మింపబడెను. దానివలన లోపలి పల్లపునేలలు క్రమముగా ఆరి నివాసయోగ్యములైనవి. అట్లు తేలిన నేలలో నిజాము రాజ్యమునుండి వచ్చిన తెలుగు కూలీలు గుడిసెలు వేసికొనిరి. ఆ పేటయే కామాఠీపురా. 'కామాటి' యనగా మట్టిపని, కట్టుబడిపని చేయు కూలి యని మన నిఘంటువులు చెప్పుచున్నవి. తరువాతి కాలపు వృత్తాంతములచేత ఆ పేటపేరు వినగానే పెదవి విరుచుట నేటి నాగరికులకు అలవాటైనది. అది తట్టమోసిన మనుష్యుల పేరని ఎరిగినవారు తక్కువ. ఈ వ్యాసమును చదువువారిలో ఆ వీధులనుండి ఎదిగివచ్చిన కుటుంబములు ఉండవచ్చును. వారు ఆ పేరు చెప్పుటకు సంకోచింప నవసరము లేదని మా అభిప్రాయము.

పగలంతయు రాళ్ళు మోసినవానికి సాయంకాలము ముంత కల్లు ఒక విధముగ ఆహారమే. అది అగ్గువ, పులిసిన కొలది మత్తు, తాజాదైనచో దాహశాంతి. ఈ స్థితిని మార్చినది 1878 నాటి బొంబాయి అబ్కారీ చట్టము. చార్లెస్ ప్రిచర్డ్ అను అధికారి ఆ విధానమునకు సూత్రధారి. ఊరూర సాగుచుండిన చిన్న చిన్న బట్టీలను మూయించి, సారాయి తయారీని ప్రభుత్వపు అదుపునందలి పెద్ద బట్టీలకు చేర్చుట, గీయు ప్రతిచెట్టు మీదను పన్ను పెంచుట ఆయన పద్ధతి. చెట్టుపన్ను పెరిగిన కొలది కల్లు ప్రియమైనది. దాని స్థానమును ఇప్పపూవు సారాయి ఆక్రమించెను. రేవునకు ఆవలియొడ్డున నున్న ఉరణులో పారసీల బట్టీలు ఇప్పసారాయి కాచి పడవలపై నగరమునకు పంపుచుండెను. ఇంటికడ ఎవ్వరును కాచుకొనకుండుటకై 1892లో మ్హౌరా చట్టము వచ్చెను. ఠాణా, కొలాబా జిల్లాలలో ఇప్పపూలు సేకరించుటయు, నిలువయుంచుటయు దానిచే నిర్బంధింపబడినవి. అడవిలో రాలిన పూవును ఏరుకొనుట నేరమైనది! కూలివాడు త్రాగుట మానలేదు. తేలిక పానీయమునుండి ఘాటైన సారాయికి మరలెను, ఖజానాకు ఎక్కువ చెల్లించెను. మద్యపానమును తగ్గించుటకే యీ ఏర్పాటు అని అధికారులు చెప్పుకొనిరి. లెక్కల పుస్తకము మాత్రము వేరొక భాష మాటలాడుచుండెను.

ఈ అన్యాయమును కనిపెట్టినవారిలో మహాత్మా జ్యోతిబా ఫూలే ఒకరు. పునహా పురపాలకసంఘ సభ్యులుగా నుండి ఆయన 1880లో నగరమున సారా దుకాణములు పెరుగుటను నిరసించుచు సంఘాధ్యక్షునకు లేఖ వ్రాసిరి. 1873లో ఆయన స్థాపించిన సత్యశోధక సమాజమునకు బొంబాయిలో వెన్నుదన్నుగా నిలిచినవారు మన తెలుగు కట్టుబడి గుత్తేదారులు. జాయా కరాడీ లింగూ, వ్యంకూ బాలోజీ కాళేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు మున్నగువారి పేరులు మహారాష్ట్ర చరిత్రకారులు తరచు స్మరించుచున్నారు. మన తెలుగు గ్రంథములలో వారికి ఎంత స్థలము లభించినదో పాఠకులే చూచుకొందురు గాక. తామే వేలమంది కూలీలను పనిలో పెట్టిన గుత్తేదారులు, అణగిన జాతుల విద్యకును ఆత్మగౌరవమునకును ధనమిచ్చుట సామాన్యవిషయము గాదు. 1888 మే 11వ తేదీన మాండ్వీ కోళీవాడాలో జరిగిన సభలో ఫూలేకు 'మహాత్మ' బిరుదము సమర్పింపబడెను. ఆ కోళీవాడా రేవును ఆనుకొనియున్న జాలరుల పేట యన్నది గమనింపదగినది.

సమాజముతో సంబంధము గల నారాయణ మేఘాజీ లోఖండే మిల్లు కార్మికులను కూడగట్టి 1884లో కొన్ని కోరికలను ప్రభుత్వపు విచారణసంఘము ముందుంచెను. ఆదివారపు సెలవు అందొకటి. మధ్యాహ్నమున అరగంట విరామము మరియొకటి. అనగా అంతకుమునుపు కార్మికుడు యంత్రము తిరుగుచుండగనే మూట విప్పి నాలుగు ముద్దలు మ్రింగుచుండెను. కూర్చుండి అన్నము తినుటకు అరగంట కావలెనని అర్జీ పెట్టుకొనవలసిన కాలమది. ఆదివారపు సెలవు 1890లో లభించెను. ఒక నగరపు భోజనచరిత్రలో ఇంతకంటె ముఖ్యమైన తేదీ మాకు తోచుట లేదు. పెద్ద హోటళ్ళ ప్రారంభోత్సవములను గూర్చి వ్రాయువారు దీనిని విడిచిపెట్టుదురు.

1869లో సూయజ్ కాలువ తెరువబడినతోడనే బొంబాయికి ఓడల రాకపోకలు మిక్కుటమైనవి. 1875లో ససూన్ రేవును, 1880లో ప్రిన్సెస్ రేవును ఏర్పడినవి. ఓడ దిగిన నావికులు సారాకొట్ల పాలుగాకుండుటకు మంచి వసతి కావలెనని తలచి, 1870లో శంకుస్థాపన చేసి 1876లో రాయల్ ఆల్ఫ్రెడ్ నావికగృహమును నిర్మించిరి. శిల్పి ఎఫ్. డబ్ల్యు. స్టీవెన్స్, విక్టోరియా టెర్మినసును రూపించినవాడు కూడ ఇతడే. భవనము నెత్తిమీద సముద్రదేవతయగు నెప్ట్యూనును, జలకన్యలును, నీటిగుఱ్ఱములును చెక్కబడియున్నవి. ఈ భవనమును పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. దీనితో మరల పని పడును.

దొరల భోజనశాలలలో ఆ కాలపు మేటి వాట్సన్ హోటలు. దాని ఇనుప చట్రమంతయు ఇంగ్లండులో పోతపోసి ఓడలమీద తెచ్చి ఇచ్చట బిగించిరి. 1860 దశకపు చివర కట్టబడిన ఆ మేడలో వడ్డన చేయుటకు ఇంగ్లీషు యువతులను గూడ రప్పించిరట. 1896 జూలై 7వ తేదీన లూమియర్ సోదరుల కదలుబొమ్మలు మనదేశమున మొదటిసారి ప్రదర్శింపబడినది అచ్చటనే. మార్క్ ట్వేన్ అను అమెరికా రచయిత బస చేసినదియు ఆ యేటనే. జంషెడ్జీ టాటాను భారతీయుడని ఆ హోటలువారు లోనికి రానీయకపోగా, ఆయన పౌరుషముతో తాజమహలు హోటలును కట్టించెనను కథ బహుళప్రచారము పొందినది. చరిత్రకారులు దానిని ధ్రువపరుపలేదు. కథ నిజము గాకపోయినను, దానిని నమ్మినవారి మనస్సు నిజము. తాజమహలు 1903 డిసెంబరు 16న తెరువబడెను. 1933లో అందు వెలసిన హార్బర్ బారు నగరమునందలి మొట్టమొదటి అనుమతి పొందిన బారని చెప్పుకొందురు. వాట్సన్ హోటలు కాలక్రమమున ఎస్ప్లనేడ్ మాన్షన్ అను పేరున అద్దెగదుల సముదాయమై శిథిలమైనది. 2005లో దాని ముంగిలి వసారాలలో కొంతభాగము కూలెను. పోత ఇనుము త్రుప్పు పట్టుట చూచుచు ఊరకుండుట పుణ్యకార్యము గాదు.

దొరల హోటలుకును కూలివాని కల్లుముంతకును నడుమ మధ్యతరగతివానికి చోటు చూపినవారు ఇరానీలు. పర్షియాలోని యజ్ద్, కెర్మాన్ ప్రాంతములనుండి జొరాస్ట్రియనులు 19వ శతాబ్దమునను 20వ శతాబ్దారంభమునను ఇచ్చటికి వచ్చిరి. వీధుల మూలల నుండు దుకాణములు హిందూ వర్తకులకు శకునము గానివగుటచే ఇరానీలకు సులభముగా దొరకినవని ఒక వాడుక. వాస్తుదోషము ఇరానీల పాలిటి అదృష్టమాయెను! రెండువైపుల ద్వారములు, పాలరాతి బల్లలు, వంపుకర్ర కుర్చీలు, గోడనిండ అద్దములు, గల్లాపెట్టెవెనుక పెద్దాయన — ఇది వాని స్వరూపము. ధోబీతలావులో కయానీ కంపెనీ 1904లోను, గ్రాంటురోడ్డులో మెర్వాన్ 1914లోను, బల్లార్డు ఎస్టేటులో బ్రిటానియా 1923లోను పుట్టినవి. కరకరలాడు బ్రున్ రొట్టెకు వెన్న పూసి చిక్కని తేనీటిలో ముంచి తినుట అచ్చటి ఆచారము. బ్రిటానియావారి పులావులో పర్షియాదేశపు పుల్లని ఎండుపండ్లు పడును.

ఈ తేనీటిశాలలలో మేము మిక్కిలి మెచ్చుకొనునది వాని సమభావము. బల్లకడ కూర్చుండువాని కులమేమి, మతమేమి యని అడిగెడివారు లేరు. పంక్తిభేదము పాటించు పూటకూళ్ళు దేశమంతట నిండియుండిన కాలమున, ఒక అణా చేతనున్న గుమాస్తా, కూలి, విద్యార్థి ఒకే బల్లకు ముగ్గురై కూర్చుండి త్రాగుట చిన్నవిషయము గాదు. ఇట్టి ఇరానీలే హైదరాబాదునకును చేరి అచ్చటి వీధిమూలలను సుగంధితము గావించిరి. నేడు తెలుగువారు తమ సొంతమని తలచుకొను ఇరానీచాయకు బొంబాయి చాయ పెద్దక్కగారన్నమాట. ఆ శాలలు ఇప్పుడు వేళ్ళమీద లెక్కింపదగినన్నియే మిగిలినవి. కొన్ని బీరు అమ్మి బ్రతికినవి. 1871లో నూనెల టోకు దుకాణముగ మొదలైన కొలాబాలోని లియోపోల్డు అట్టివానిలో ప్రసిద్ధము. 2008 నవంబరు 26వ తేదీ రాత్రి ఉగ్రవాదులు జరిపిన కాల్పులలో అచ్చట భోజనము చేయుచున్నవారును పనివారును బలియైరి. కొద్దిరోజులలోనే మరల తలుపులు తెరచిన యజమానులు గోడలమీది గుండ్లగుర్తులను పూడ్చకుండ నుంచిరి.

మిల్లులలో పని పెరిగిన కొలది కరీంనగరము, నల్లగొండ, పాలమూరు సీమలనుండి పద్మశాలీలును తక్కిన శ్రమజీవులును వర్లీ, పరేలు ప్రాంతములకు చేరిరి. భార్యాబిడ్డలను ఊరనుంచి ఒంటరిగా వచ్చినవానికి ఖానావళియే ఇల్లు. నెలకింతయని మాటాడుకొని, ఒక చిన్నగదిలో ఒక ఇల్లాలు పదిమందికో ఇరువదిమందికో రెండుపూటల వండిపెట్టును. రొట్టె, పప్పు, అన్నము, వారమునకొకసారి మాంసము. మన పూటకూళ్ళమ్మ వృత్తియే ఇది. గోవానుండి వచ్చిన ఓడ వంటవాండ్రకు గ్రామమునకొకటి చొప్పున 'కూడు' అను వసతిగృహములుండెను. తెలుగువానికి అట్టి గ్రామగృహములు లేకపోయెను గాని, ఖానావళి బల్లకడ ఊరివార్తలు తెలిసెడివి, పెండ్లిసంబంధములు కుదిరెడివి. ఆ ఇల్లాండ్రు వడ్డీవ్యాపారుల చేతిలో నలుగుట చూచి 1975లో ప్రేమా పురవ్ అన్నపూర్ణ మహిళామండలిని స్థాపించి, వారికి బ్యాంకు ఋణములు లభించునట్లు చేసిరి. 1982 జనవరి 18న రెండున్నర లక్షలమంది మిల్లు కార్మికుల సమ్మె ప్రారంభమయ్యెను. కూలి రానివాడు ఖానావళి బాకీ తీర్చలేడు గదా! మిల్లులతోపాటు పెక్కు పొయ్యిలు చల్లారినవి.

మద్యనిషేధపు కథ మిగిలినది. 1937లో ఏర్పడిన కాంగ్రెసు మంత్రివర్గమున ఆరోగ్య, అబ్కారీ శాఖలు డాక్టరు గిల్డరు అను పారసీ వైద్యునివి. 1939 ఆగస్టు 1న ఆయన బొంబాయి నగరమున నిషేధమును ప్రారంభించెను. పోయిన రాబడిని పూడ్చుటకు ఇండ్లపై పన్ను విధింపబడెను. మద్యవ్యాపారము, ఇండ్ల అద్దెలు రెండును పారసీల చేతిలో నెక్కువగా నుండుటచే స్వజాతివారి ఆగ్రహమును గిల్డరు భరింపవలసివచ్చెను. ఆయన ధైర్యమును మేము శ్లాఘింతుము. ఆ మంత్రివర్గము అదే ఏడు నవంబరులో రాజీనామా చేసెను. స్వాతంత్ర్యానంతరము 1949లో బొంబాయి మద్యనిషేధ చట్టము పుట్టి, 1950 ఏప్రిలు 6నుండి సంపూర్ణనిషేధము అమలైనది. ఈ చట్టమును చర్చించిన శాసనసభ కూర్చుండిన భవనమేది? పూర్వపు నావికగృహమే! 1928 ప్రాంతమున దానిని శాసనమండలికై తీసికొనిరి. సారాయినుండి నావికుని కాపాడుటకు కట్టిన కప్పుక్రిందనే, నెప్ట్యూను సాక్షిగా, రాష్ట్రమంతటిని కాపాడుటకు చట్టము చేయబడెను.

బల్సారా అను పౌరుడు ఈ చట్టమును న్యాయస్థానమున ప్రశ్నించెను. విస్కీ, బ్రాందీలేకాక పన్నీటి అత్తరువంటి సారాయి కలిసిన సుగంధద్రవ్యములను సైతము ఉంచుకొనుటకు తనకు హక్కు కలదని అతని వాదము. సుప్రీంకోర్టు 1951లో చట్టమును మొత్తముమీద నిలిపి, మందులకును అలంకరణద్రవ్యములకును సంబంధించిన భాగములను కొట్టివేసెను. త్రాగక తప్పనివారికి వైద్యుని ధ్రువపత్రముపై అనుమతి లభించెను. ధనికుడు తాను వ్యసనపరుడనని సంతకము చేసి సీసా తెచ్చుకొనెను. బీదవాడు 'ఆంటీ' ఇంటి వెనుకగదికి పోయెను. నాటి గోవా క్రైస్తవ స్త్రీలు, ఈస్టిండియను స్త్రీలు పెక్కురు జీవనార్థము ఇట్టి రహస్య పానశాలలు నడిపిరి. ఉడికించిన గ్రుడ్డు, వేయించిన చేప, గ్లాసెడు దొంగసారాయి. పోలీసు వచ్చినచో అందరును అతిథులే.

1960 దశకమున నిబంధనలు సడలి, 'పర్మిట్ రూము' అను విచిత్రనామముతో పానశాలలు బహిరంగముగా వెలసినవి. చట్టము మాత్రము రద్దు కాలేదు. పేరుమార్పులతో, సవరణలతో అది మహారాష్ట్రమున నేటికిని అమలులో నున్నది. త్రాగువానికి అనుమతిపత్రముండవలెనను నియమమును దాని పుటలలో నిలిచియున్నది. హార్బర్ బారులో కూర్చుండువానిని ఆ పత్రమెక్కడ అని అడుగువారు అరుదు.

2015 జూనులో, అదే నగరపు ఉత్తరభాగమున, మాలాడులోని మాల్వణీ మురికివాడలో మిథనాలు కలిసిన సారాయి త్రాగి వందమందికి పైగా మరణించిరి. వారిలో దినకూలీలే ఎక్కువ.